టెస్టింగ్ చేస్తున్న నేను ప్రొడక్ట్ మేనేజర్‌ని కాగలనా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఐటీ సేవల సంస్థలో ఆరేళ్లుగా టెస్టింగ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. రెండేళ్లుగా ఒక బ్యాంకు చెల్లింపుల యాప్ మీద పని. మా క్లయింటు వైపు ఉండే ప్రొడక్ట్ మేనేజర్ గారిని చూస్తుంటే నాకూ ఆ పని చేయాలనిపిస్తోంది. ఇంట్లో ఎంబీఏ చేయమంటున్నారు, స్నేహితులు సర్టిఫికెట్ కోర్సు చాలంటున్నారు. కోడింగ్ నాకు అంతంతమాత్రం. పైగా నాకు నోట్లో నాలుక లేదని చిన్నప్పటి నుంచీ అందరూ అంటుంటారు. పదిమందిని ఒప్పించే పని నా వల్ల అవుతుందా? దీనికి ఎలాంటి నైపుణ్యాలు, ఎలాంటి మనస్తత్వం కావాలి? మా సంస్థలోనే ప్రొడక్ట్ ఓనర్ అనే పేరుతో ఒక అవకాశం వచ్చింది గానీ జీతం పెరగదు. తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ఎంబీఏ, కోడింగ్, సర్టిఫికెట్ల గురించి మీరు ముందుగా అడిగారు గానీ వాటికి జవాబులు చిన్నవి, తర్వాత చెబుతాను. కాస్త తీరిగ్గా మాట్లాడుకోవలసింది మనస్తత్వం గురించి మీరు అడిగిన ప్రశ్న మీదే.

ప్రొడక్ట్ మేనేజర్ అంటే ఒక ఉత్పత్తిలో ఏది చేయాలో ఏది మానాలో తేల్చే వ్యక్తి. వారు ఆ ఉత్పత్తికి సీఈవో వంటివారని ఒక మాట ఈ రంగంలో బాగా ప్రచారంలో ఉంది. దాన్ని నమ్మకండి. సీఈవో మనుషులను తీసుకోగలరు, తీసేయగలరు, డబ్బు కేటాయించగలరు. ప్రొడక్ట్ మేనేజర్‌కు సాధారణంగా ఈ మూడూ ఉండవు. కోడు రాసే ఇంజినీర్లు ఒకరి కింద, డిజైనర్లు మరొకరి కింద, అమ్మకాల వారు ఇంకొకరి కింద ఉంటారు. అయినా ఫలానా ఫీచర్‌ను ఎవరూ ఎందుకు వాడటం లేదని పైనుంచి ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం సమావేశంలో అందరి తలలూ ఈ ఒక్క మనిషి వైపే తిరుగుతాయి. పేరులో మేనేజర్ ఉన్నందుకు మోసపోయి ఈ పనిలో చేరినవారు ఏడాదిలోపే విసిగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇది నిన్న మొన్న వచ్చిన తీరు కాదు. 1931లో అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో కామే సబ్బు ప్రకటనలు చూసుకునే నీల్ మెకెల్‌రాయ్ అనే యువ ఉద్యోగి తన పైవారికి మూడు పుటల నోటు ఒకటి రాశాడు. ఒక్కో సరుకు మంచిచెడ్డలకు ఒక్కో మనిషి పూర్తి బాధ్యత తీసుకోవాలని, ఆ మనిషి ప్రాంతాలవారీగా అమ్మకాల లెక్కలు చూసి, ఎక్కడ పడిపోయాయో అక్కడికి స్వయంగా వెళ్లి, డీలర్లతోనూ కొనేవారితోనూ మాట్లాడి కారణం పట్టుకోవాలని అందులో ఉంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటే లేని కాలంలో రాసిన ఆ నోటుకూ ఈనాటి ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగ ప్రకటనకూ ఉన్న పోలికలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. (ఆయన తర్వాత ఆ సంస్థకే అధ్యక్షుడై, 1957లో అమెరికా రక్షణ మంత్రి కూడా అయ్యారు. సబ్బుల నుంచి అంత దూరం వెళ్లినవారు అరుదు.) అప్పుడూ ఇప్పుడూ ఈ పనికి మూలం ఒకటే: చేతిలో అధికారం లేకపోయినా, ఏది చేయాలో ఏది మానాలో తేల్చే బాధ్యతను నెత్తిన వేసుకోవడం.

మీ ఆరేళ్ల టెస్టింగ్ అనుభవం ఇక్కడ సగం బలం, సగం అడ్డంకి. బలం ఏమిటంటే, అంతా సవ్యంగా జరిగినప్పుడు యాప్ ఎలా ఉంటుందో అందరూ ఆలోచిస్తారు, ఎక్కడ తెగుతుందో మీరు ఆలోచిస్తారు. అడ్డంకి ఏమిటంటే, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో (యాప్ ఏం చేయాలో రాసిన పత్రంలో) రాసినట్టు పనిచేస్తోందా లేదా అన్నదే మీకు ఇంతకాలం గీటురాయి. ఇకమీదట ఆ డాక్యుమెంటులో అలా రాయడం సరైనదేనా అని అడగాలి. చెప్పడానికి ఇంత తేలికగా ఉన్న ఈ మార్పు అలవాటు కావడానికి చాలా కాలం పడుతుంది. మీరు పనిచేసే రంగం నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం.

సాయంత్రం ఏడు గంటలకు కిరాణా కొట్టులో ఒకామె నూట ఇరవై రూపాయల సరుకులు తీసుకుని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. డబ్బు పోయినట్టు ఆమె బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది గానీ కొట్టతనికి ఏమీ రాలేదు. వెనుక నలుగురు నిలబడ్డారు. ఆమె తన ఫోన్ చూపిస్తోంది, అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. టెస్టింగ్ ఇంజినీరుగా మీరు దీన్ని 'స్టేటస్ అప్‌డేట్ ఆలస్యం, తీవ్రత మధ్యమం' అని ఒక బగ్‌గా నమోదు చేస్తారు. అందులో తప్పు లేదు. ప్రొడక్ట్ మేనేజర్ మాత్రం అక్కడ ఇద్దరు మనుషులున్నారని, వారి కష్టాలు రెండు వేరని గమనించాలి.

ఆమె భయం డబ్బు పోయిందేమోనని. నిజానికి 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐలో దుకాణదారుకు చెల్లించినప్పుడు ఖాతాలో డబ్బు తగ్గి అతనికి ధ్రువీకరణ అందకపోతే, ఆ సొమ్ము అయిదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. వ్యక్తి నుంచి వ్యక్తికి పంపిన డబ్బయితే గడువు ఒక్క రోజే. ఆమెకు ఈ సంగతి తెలియదు. తిరిగే చక్రానికి బదులు ఫలానా తేదీలోగా మీ డబ్బు మీ ఖాతాకు వస్తుందని తెర మీద ఒక్క వాక్యం ఉంటే ఆమె స్థిమితపడుతుంది. సర్వర్ ముట్టుకోనక్కర్లేదు, రాసేది ఒక్క వాక్యమే. అయితే ఆ వాక్యం రాయాలంటే నిబంధన తెలిసి ఉండాలి. రంగం మీద పట్టు అని ఉద్యోగ ప్రకటనల్లో అడిగేది ఇదే.

కొట్టతని కష్టం వేరు. అతని చేతులు బియ్యం తూకంలో ఉంటాయి, ఫోన్ గల్లాపెట్టె మీదో కొడుకు చేతిలోనో ఉంటుంది; రద్దీలో ప్రతి చెల్లింపుకూ మెసేజ్ చూసుకోలేడు, డబ్బు పంపినట్టు నకిలీ తెర చూపించి వెళ్లిపోయేవారూ ఉంటారు. అతనికి తక్షణం కావలసింది, చూడకుండానే డబ్బు అందిందని తెలియడం. ఆ అవసరం నుంచి వచ్చిందే ఇప్పుడు ప్రతి కొట్టులోనూ వినిపిస్తున్న సౌండ్‌బాక్స్. అందులో సొంత సిమ్ ఉంటుంది కాబట్టి యజమాని ఫోన్ ఎక్కడున్నా అందిన సొమ్ము ఎంతో అది తెలుగులో చదివి వినిపిస్తుంది. దానివల్ల చెల్లింపు వేగం ఒక్క సెకను కూడా పెరగలేదు. అయినా పైసా పైసా చూసుకునే చిన్న వ్యాపారి సైతం దానికి నెల నెలా అద్దె కడుతున్నాడంటే, సమస్యను సరైన చోట పట్టుకున్నారన్నమాట. వేగం పెంచడమే పరిష్కారమని బిగించుకు కూర్చున్న బృందానికి ఈ ఆలోచన వచ్చేది కాదు.

సమస్యను మనుషుల వైపు నుంచి చూడటం మొదటి అలవాటైతే, రెండోది ఏదో ఒకటి వదులుకోవడం. ఆఫీసుల్లో అందరికీ అన్నీ కావాలి: భద్రత తగ్గకూడదు, వేగం పెరగాలి, ఖర్చు కాకూడదు. పాము చావకుండా కర్ర విరగకుండా రాసిన డాక్యుమెంట్లు అందుకే అంతగా పుడతాయి. 2022 సెప్టెంబరులో వచ్చిన యూపీఐ లైట్‌ను (ముందే కొంత డబ్బు వేసుకుని, పిన్ లేకుండా చిన్న చెల్లింపులు చేసే సదుపాయాన్ని) చూడండి. టీ డబ్బులకూ బస్సు టికెట్టుకూ చేసే చిన్న చెల్లింపులు ఒక్కొక్కటీ బ్యాంకు ప్రధాన వ్యవస్థ దాకా వెళ్లి భారం పెంచుతున్నాయి, వాడేవారికి ప్రతిసారీ పిన్ కొట్టే శ్రమ. పిన్ తీసేస్తే వేగం వస్తుంది గానీ ఫోన్ పోతే డబ్బు పోయే ప్రమాదం వస్తుంది. అక్కడ తేల్చవలసింది ప్రమాదాన్ని ఎంతకు పరిమితం చేయాలన్నది. మొదట ఒక్కో చెల్లింపుకు 200 రూపాయలు, మొత్తం నిల్వ 2,000 రూపాయలు దాటకూడదని హద్దు పెట్టారు. తర్వాత చెల్లింపు పరిమితిని 500కు, ఆపైన 1,000కి, నిల్వను 5,000కు పెంచారు. చిన్న హద్దుతో మొదలుపెట్టి, అనుభవం చూసి జరిపారు. మీ బృందంలో రేపు ఏదైనా చర్చ వచ్చినప్పుడు, దీనికోసం దేన్ని వదులుకుంటున్నాం, ఎంతవరకు అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. సగం చర్చలు అక్కడే తేటపడతాయి.

వాడేవారితో మాట్లాడటం గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ల దగ్గర దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది: మొహమాటం. ఇలాంటి సదుపాయం ఉంటే వాడతారా అని అడిగితే ఎదుటివారు మీ మొహం చూసి, తప్పకుండా వాడతామమ్మా అంటారు. కాఫీ కూడా ఇస్తారు. ఆ జవాబు విలువ సున్నా. కిందటిసారి డబ్బు పంపినప్పుడు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి అని అడగండి. ఎప్పుడు పంపారు, ఎవరికి, ఆగిపోయినప్పుడు ఏం చేశారు, ఎవరికి ఫోన్ చేశారు. గడిచిన సంగతి చెప్పేటప్పుడు మొహమాటానికి చోటు తక్కువ. వీలైతే వారి ఫోన్‌లో వారిని చేసి చూపించమనండి, మధ్యలో మీరు వేలు పెట్టకండి. పెద్దావిడ ఒకరు పిన్‌ను ఫోన్ కవరు లోపల కాగితం మీద రాసిపెట్టుకున్న సంగతి ఏ సర్వేలోనూ బయటపడదు.

బస్సు టికెట్ల రెడ్‌బస్ కథ మీకు తెలిసే ఉంటుంది. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి టికెట్ దొరక్క ఉండిపోయారు. ఆ ఇబ్బంది ఆ రోజు ఎందరికో కలిగే ఉంటుంది. ఆయన చేసిన తేడా పని, ఏజెంట్ల దగ్గరికి వెళ్లి సీట్లు ఎలా వెతుకుతారో కనుక్కోవడం. ఏ బస్సులో ఎన్ని ఖాళీలున్నాయో ఏజెంటుకూ పూర్తిగా తెలియదని, ఫోన్ల మీదే అంతా నడుస్తోందని తేలాకనే 2006లో మిత్రులతో కలిసి సంస్థ పెట్టారు. కెన్యాలో ఫోన్ ద్వారా డబ్బు చెల్లించే ఎం-పెసా అనే సేవది మరో రకం పాఠం. చిన్న రుణాల వాయిదాలు ఫోన్ ద్వారా కట్టించుకోవడానికి దాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెడితే, జనం ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి వాడుకోసాగారు. అది దుర్వినియోగమని ఆపకుండా, ఇంటికి డబ్బు పంపుకోండనే ప్రచారంతోనే 2007 మార్చిలో దేశమంతటా విడుదల చేశారు. టెస్ట్ కేసుల్లో లేని వాడకం కనిపిస్తే లోపంగా రాసే చేతికి ఇది మింగుడుపడటం కొంచెం కష్టం.

ఇక నోట్లో నాలుక లేదన్న బెంగ. ఈ వృత్తిలో గలగలా మాట్లాడేవారు ఇంటర్వ్యూల్లో ముందుంటారన్నది నిజమే, దాచిపెట్టి లాభం లేదు. ఉద్యోగంలో చేరాక మాత్రం రాత ఎక్కువ పనిచేస్తుంది. సమస్య ఏమిటి, ఎవరిది, ఎంత తరచుగా వస్తోంది, మన దగ్గరున్న ఆధారమేమిటి, ఏం చేద్దామంటున్నాం, ఏం చేయడం లేదు, ఫలించిందని ఎలా తెలుస్తుంది – ఇవన్నీ ఒక్క పేజీలో రాసి సమావేశానికి ముందురోజే పంపితే, గట్టిగా అరిచేవారు కూడా ఆ పేజీ మీదనే మాట్లాడవలసి వస్తుంది. అమెజాన్‌లో 2004 నుంచి పెద్ద సమావేశాల్లో పవర్‌పాయింట్ స్లైడ్లు మాని, వాక్యాలతో రాసిన నోటును అందరూ మౌనంగా చదివాకే చర్చ మొదలుపెట్టే పద్ధతి తెచ్చారు. స్లైడులో మూడు ముక్కలు రాసి మిగతాది నోటితో నెట్టుకురావచ్చు. పూర్తి వాక్యం రాయాలంటే ఆలోచన పూర్తికావాలి. మీ ఆంగ్లం సాదాగా ఉన్నా ఫర్వాలేదు. ఆ పేజీని ఒక ఇంజినీరు, ఒక కస్టమర్ కేర్ ఉద్యోగి చదివి ఒకేలా అర్థం చేసుకుంటే చాలు.

మెతకగా ఉండేవారికి అసలైన పరీక్ష, ఎదుటివారికి 'కాదు' అని చెప్పడంలో ఎదురవుతుంది. అమ్మకాల విభాగం పెద్దాయన వచ్చి ఒక క్లయింటు కోసం ఫలానాది కావాలంటారు. మొహం మీద కాదనలేక చూద్దాం లెండి అంటే ఆయన దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని క్లయింటుకు మాట ఇచ్చేస్తారు. మూడు నెలల తర్వాత ఇద్దరికీ చెడుతుంది. అందుకు బదులు, ఈ మూడు నెలల్లో మేం చేస్తున్న పనులు ఇవండీ, మీరు చెప్పినది చేయాలంటే వీటిలో ఇది ఆగుతుంది, ఆపమంటారా అని జాబితా ముందు పెట్టండి. గొంతు పెంచే అవసరం లేదు, 'అండీ' మానే అవసరం అంతకన్నా లేదు. ఆయన ఆపమని పట్టుబడితే అది ఆయన నిర్ణయమని రాతపూర్వకంగా ఉంటుంది. ఇంజినీర్లతో మర్యాద ఇంకొక రకం: ఏం కట్టాలో మాత్రమే చెప్పి పంపించకండి, ఎందుకో చెప్పండి, మీరు పది రోజుల పని అనుకున్నదానికి వారు రెండు రోజుల దారి చూపించగలరు. తారీఖు మాత్రం వారి నోటి నుంచే రానివ్వండి.

లెక్కల విషయంలో నాది ఒకటే హెచ్చరిక. బాగా కనిపించే అంకెను ముందు అనుమానించండి. యాప్‌లో సహాయం బటన్‌ను మూడు తెరల లోపలికి నెడితే ఫిర్యాదులు తగ్గుతాయి. ఆ తగ్గుదలను విజయమని చూపించిన ప్రెజెంటేషన్లు లేకపోలేదు. అందుకే ఒక అంకె పెరగాలని లక్ష్యం పెట్టుకున్నప్పుడల్లా, దానికోసం పాడుకాకూడని మరో అంకెను పక్కనే రాసుకోవాలి. ఫిర్యాదులు తగ్గాలి, కానీ ఆగిపోయిన లావాదేవీ తర్వాత యాప్ వదిలేసేవారు పెరగకూడదు, అన్నట్టుగా.

తేల్చే శక్తి ఎలా పెరుగుతుందంటారా? ముందే చెప్పి తర్వాత సరిచూసుకోవడం వల్ల. ఇది మీరు ఈ వారమే మొదలుపెట్టవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ యాప్‌లో వచ్చే ప్రతి విడుదలకు ముందు ఒక నోటుపుస్తకంలో, ఈ మార్పు వల్ల ఏ అంకె ఎటు కదులుతుంది, సుమారు ఎంత, ఎందుకని నమ్ముతున్నాను అని రాయండి. ఉదాహరణకు: 'పిన్ తప్పు కొట్టినప్పుడు ఎన్ని ప్రయత్నాలు మిగిలాయో చూపిస్తున్నారు, పిన్ మార్చుకునేవారు పెరుగుతారు, ఖాతా లాక్ అయ్యేవారు తగ్గుతారు, కారణం, ఇప్పుడు మూడోసారి గుడ్డిగా కొడుతున్నారు.' నెల తర్వాత నిజమైన అంకె అడిగి పక్కన రాయండి. మీ అంచనాలు మొదట్లో తలకిందులవుతాయి. ఏ రకం సంగతుల్లో తప్పుతున్నారో కొంతకాలానికి మీకే కనిపిస్తుంది. ఇంటర్వ్యూ చేసేవారికి ఆ పుస్తకంలోని రెండు పేజీలు చూపిస్తే సర్టిఫికెట్ కన్నా ఎక్కువ చెబుతాయి. వారు సాధారణంగా ఫలానా యాప్‌ను ఎలా మెరుగుపరుస్తారని అడుగుతారు, చాలామంది వెంటనే ఫీచర్ల చిట్టా విప్పుతారు. మీరు ముందు ఎవరి కోసం అన్నది తేల్చి, వారి ఒక్క కష్టాన్ని ఎంచుకుని, మిగతావి ఎందుకు పక్కన పెట్టారో చెప్పండి.

వాయిదా వేసిన చిన్న జవాబులు. కోడు రాయడం రానక్కర్లేదు. ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ మరొకదానితో మాట్లాడే దారి) అంటే ఏమిటో, డేటాబేస్‌లో ఏది ఎక్కడ ఉంటుందో, ఏ మార్పు ఎందుకు కష్టమో అర్థం కావాలి. అది మీకు ఇప్పటికే చాలావరకు తెలుసు. డేటాబేస్ నుంచి లెక్కలు తీసే ఎస్‌క్యూఎల్ భాష మాత్రం బాగా నేర్చుకోండి, ప్రతి అంకె కోసం మరొకరిని బతిమాలే పని తప్పుతుంది. ఎంబీఏ తలుపులు కొన్ని తెరుస్తుంది, ముఖ్యంగా క్యాంపస్ నుంచే తీసుకునే సంస్థల్లో. ఇప్పటికే చెల్లింపుల రంగంలో ఉన్న మీకు రెండేళ్ల జీతం, ఫీజు కలిపి ఆ ఖర్చుకు తగినంత లాభం ఉంటుందని నాకు అనిపించడం లేదు. సర్టిఫికెట్ కోర్సులు పదజాలం నేర్పుతాయి. సంస్థ ఖర్చు పెట్టుకుంటే చేయండి, అప్పు చేసి మాత్రం వద్దు.

ప్రొడక్ట్ ఓనర్ పదవి విషయానికొస్తే, ఆ పేరు కింద సేవల సంస్థల్లో రెండు రకాల పనులున్నాయి. ఒకటి నిజంగా ఉత్పత్తి పని. రెండోది క్లయింటు పంపిన వాక్యాలను జిరాలో (పనులను నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో) టికెట్లుగా తిరగరాసే పని. ఒప్పుకునే ముందు మీ మేనేజర్‌ను మూడు సంగతులు అడగండి: యాప్ వాడేవారితో గానీ కనీసం కస్టమర్ కేర్ వారితో గానీ నేరుగా మాట్లాడే వీలుంటుందా, పనుల వరుసను మార్చమని క్లయింటుకు చెప్పే చోటు నాకుంటుందా, విడుదలయ్యాక వాడకం లెక్కలు నాకు చూపిస్తారా. మూడింటిలో రెండింటికి అవునని వస్తే జీతం పెరగకపోయినా తీసుకోండి. ఒక్కదానికీ రాకపోతే టెస్టింగ్‌లోనే ఉండి, మీరు మెచ్చుకున్న ఆ క్లయింటు ప్రొడక్ట్ మేనేజర్ గారిని కస్టమర్ కేర్ కాల్స్ నెలకొకసారి వినే అవకాశం ఇప్పించమని అడగండి. టెస్టింగ్ నుంచి ఇలాంటి కోరిక వారికి తరచుగా రాదు కాబట్టి కాదనరనే నా నమ్మకం. ఒకవేళ పదవి తీసుకుంటే, ఏడాది తర్వాత జీతం సంగతి మళ్లీ చూస్తామన్న మాటను నోటిమాటగా వదలకుండా మెయిల్‌లో రాయించుకోండి.